కాళేశ్వరం దారిలో రెండు మాత్రలు

బడిపంతులుగా పదవీ విరమణ చేసిన నాటి నుండి ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఒక సాయంత్రం కూర్చోవాలని కోరిక. తీరా బయలుదేరబోయే ముందు జనగామలో దంతవైద్యుడు చీము పట్టిన పన్ను తీసి, అయిదు రోజులకు యాంటీబయాటిక్, నొప్పికి పారాసిటమాల్ రాసి ఇచ్చాడు. రెండూ కలిస్తే వేడి చేస్తాయని నాకు నేనే తీర్మానించుకొని, రెండవ నాడే యాంటీబయాటిక్ మానివేసి, మూడవ నాడు బయలుదేరాను.

ఉదయం ఆరింటి బస్సులో హనుమకొండ, అక్కడ మారి పరకాల మీదుగా భూపాలపల్లి; రెండు టికెట్లకూ కలిపి మూడు వందల లోపే. మంచులో పత్తిచేలు తెల్లగా తేలిపోతుంటే, చేలేవో మబ్బులేవో తెలియని మగతలో సాగిపోయాను. అది జ్వరమని పరకాల దాటాక గాని తెలియలేదు. పారాసిటమాల్ వేసుకున్నాను.

పదింటికి భూపాలపల్లి బస్టాండు ఎదుట ఇడ్లీ బండి దగ్గర ఆగాను గాని ముద్ద పట్టేంతగా నోరు తెరవలేకపోయాను.

"బాపూ, బుగ్గ గట్ల ఉబ్బింది ఏంది?" అన్నది ఇడ్లీలమ్మ.

"పన్ను తీయించుకున్నానమ్మా. గంట క్రితమే మాత్ర వేసుకున్నాను."

"తగ్గలేదా? గిదేసుకో. మా ఆయన బొగ్గుబాయి నుంచి వచ్చినంక గిదే మింగుతడు. తెల్లారేసరికి గుర్రం లెక్క లేస్తడు!" అంటూ డబ్బాలోంచి రేకుతో సహా ఒక మాత్ర తీసి ఇచ్చింది.

రేకు మీది అక్షరాలు కంటికి ఆనలేదు. చదవనిది మింగడం ఇష్టం లేక, పక్కనే ఉన్న మందుల దుకాణంలో నా చీటీతో సహా చూపించి, కాళేశ్వరం పోతున్న పంతులునని, ఏది మానిందీ, ఏది ఎప్పుడు వేసుకున్నదీ చెప్పాను.

"ఇందుల గూడ పారాసిటమాలే ఉంది సార్," అన్నది దుకాణం నడిపే అమ్మాయి. "గంట కిందనే ఏసుకుంటిరి. మల్లేసుకుంటే డోసు ఎక్కువైతది, కాలేయం ఖరాబైతది. మరి యాంటీబయాటిక్ ఎందుకు ఆపిన్రు?"

"రెండూ కలిస్తే వేడి అని..."

"ఎవరు చెప్పిన్రు?"

"నేనే."

"బడిల పిల్లలకు గూడ గిట్లనే చెప్పిన్రా సార్?" నవ్వాపుకుంది. "మీ చీటీల ఉన్న రెంటికి పంచాయితీ లేదు. ఒకటి క్రిములను సంపుతది, ఒకటి నొప్పి తగ్గిస్తది. రాసినట్టు రెండూ ఏసుకోవచ్చు. కానీ వాపు మల్లొచ్చింది, ముందు దవాఖానకు పోండ్రి. కాళేశ్వరం యాడికీ పోదు."

దవాఖానలో వైద్యుడు దవడ పరీక్షించి, జనగామకు ఫోన్ చేసి మాట్లాడి, యాంటీబయాటిక్ మళ్లీ మొదలుపెట్టించాడు. మూడు రోజులు లాడ్జిలోనే ఉన్నాను. పూటపూటకూ ఇడ్లీలమ్మ మజ్జిగలో పిసికి ఇచ్చిన ఇడ్లీలే ఆహారం. నాలుగవ నాడు వాపు దిగాక, గంటన్నర బస్సు ప్రయాణం చేసి కాళేశ్వరం చేరాను. రెండు నదుల నీళ్లు రెండు రంగులలో పక్కపక్కనే, తొందరేమీ లేనట్లు, సాగిపోతున్నాయి. చీకటి పడేవరకు చూస్తూ కూర్చున్నాను.

ఇంతకాలం చదువు చెప్పినవాడిని, ఒక్క ప్రశ్న అడగలేక దవడ మీదికి తెచ్చుకున్నాను. ప్రయాణికులకు నా సలహా ఒక్కటే: మందుల చీటీ జేబులో ఉంచుకోండి, ఏ మాత్రనైనా కలపబోయే ముందు, మానబోయే ముందు దానిని వైద్యునికో, మందుల దుకాణంలోనో చూపి అడగండి. తిరుగు ప్రయాణంలో ఇడ్లీ బండి దగ్గర ఆగి, ఆ డబ్బా మూత మీద గుండ్రని అక్షరాలతో రాసి వచ్చాను: "ఇందులో పారాసిటమాల్ ఉన్నది. జ్వరం మాత్రతో కలిపి వేసుకోరాదు."