చెట్టున మాగిన వెలగపండు

వెలగల కాలంలో నన్ను నిద్ర లేపేది చప్పుడే. మా ఆయన అరుగు మీద కూర్చుని, వరిగడ్డిలో మాగేసిన పండ్లను ఒక్కొక్కటే తీసి మోకాలెత్తు నుంచి బండ మీద వదిలేవాడు. ఎగిరిపడితే ఇంకా కాయ. ఎగరకుండా దబ్బున కూలబడితే పండు. నేను పొయ్యి దగ్గర ఉండే వినేదాన్ని. పండు అని తెలియగానే బెల్లం దంచడానికి లేచేదాన్ని. ఇప్పుడు పొద్దున అరుగు మీద కోళ్లు తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. బెల్లం డబ్బా మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

మా ఆయన పేరు చెంగల్రాయుడు. మా పల్లె కుప్పం దగ్గర, రామకుప్పం దాటినాక అడివి అంచున ఉంది. ఆయన చిన్నప్పుడు రెడ్ల ఇంట్లో గొడ్లు కాశాడు. పెళ్లయినాక బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయాడు. వేలు నలిగి తిరిగొచ్చి, వాళ్ల నాయన వదిలిపెట్టిన కొండవార చేనులో రాగి, టమాటా పెట్టుకున్నాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. నవ్విస్తే మాత్రం మొహం మార్చకుండా నవ్వించేవాడు. మా అన్న పుంగనూరు నుంచి వచ్చి మీ ఊళ్లో ఏనుగులంటే భయం లేదా అని అడిగితే, “అవీ మీ అట్లే బావా, కబురు పెట్టకుండా వస్తాయి” అన్నాడు.

ఆ చేను గట్టు మీదే వెలగచెట్టు ఉంది. ఎవరూ నాటింది కాదు. పెంకు పలచన, గుజ్జు తీపి. దాని కాయ చెట్టున మాగితే వాసన కొండ మీదికి పోతుందని, ఏనుగులు ఆ వాసన పట్టుకుని దిగుతాయని మా పల్లెలో అందరికీ తెలుసు. అందుకే రాగి కంకి పాలు పట్టకముందే కాయలన్నీ దులిపి, ఇంటింటికీ పంచుకుని గడ్డిలో మాగేసేవాళ్లం. ఎవరి చెట్టయినా సరే, పల్లెలో అది కట్టుబాటు.

మధుసూదన్ సారు మదనపల్లె చెట్ల పరిశోధన ఆఫీసు నుంచి జీపులో వచ్చాడు. వానలు లేకపోయినా బతికే చెట్లలో మంచివి ఎంచి, అంటు కట్టి, రైతులకు ఇవ్వాలని వాళ్ల పరిశోధనంట. పండుతో రసం, పొడి, గింజతో నూనె, బంకతో మందులు, ఇవన్నీ పరీక్ష చేస్తారని చెప్పాడు. మా చెట్టుకు రేకు బిళ్ల కొట్టి నంబరు వేశాడు. మొదటి ఏడు ఆకులు, కాయలు తీసుకుపోయాడు. రెండో ఏడు మాత్రం, కోసి మాగేసిన పండు వద్దు, చెట్టున మాగి తనంతట తాను రాలిన పండే కావాలి, ఒక్క కాయ కూడా కోయొద్దు అన్నాడు. అన్నది ఎట్లా? “చెంగల్రాయుడు గారూ, మీ మీదే నమ్మకం పెట్టుకున్నాం” అని.

పుట్టినప్పటి నుంచి ఆయన్ను ఎవరూ గారు అని పిలవలేదు. ఆ రాత్రి అన్నం తింటూ ఆ మాటే రెండుసార్లు చెప్పాడు.

కంకి పాలు పట్టింది. చేను దగ్గరికి పోతే వెలగ వాసన గుప్పుమంటోంది. కాయలు ఎప్పుడు దులుపుతావని పక్క చేను బయ్యమ్మ వచ్చి అడిగింది, నేను అడిగాను. అందరికీ రేపు, మాపు అని చెప్పి తప్పించుకున్నాడు.

“కోసేద్దాం రాయ్యా. వాసన పట్టేసింది” అన్నాను.

“చెట్టుననే మాగాలంట. ఆ సారు నన్ను నమ్మి పోయినాడు మే. మాట పోగొట్టుకోమంటావా?”

“నీ మాట సారుకు తెలుసు. ఏనుక్కి తెలుస్తాదా?”

ఆయన నవ్వి చాప పరుచుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా, రాలిన పండ్లు ఏరడానికి సంచి తీసుకుని పోయాడు. ఏనుగులు చెట్టు కిందనే ఉన్నాయి. ఆయన్ను కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయారు గానీ, దారిలోనే అయిపోయింది. బయ్యమ్మ రాగి చేను కూడా నేలమట్టమైంది.

కర్మాంతరం కాకముందే పల్లెలో మాట పుట్టింది. చెట్టున మాగిన పండుకు రేటు ఎక్కువని ఆశపడి కోయలేదంట, పక్కోళ్ల నోటికాడ కూడు తీసినాడంట. బయ్యమ్మ నా మొహానే అనింది: “నీ మొగుడు ఆశకు ఆయన పాయె, నా చేనూ పాయె.” పరిశోధన కోసమని నేను చెబితే, చచ్చినోడి గురించి పెండ్లాం అట్లే చెప్తాదిలే అన్నారు. బతికినన్నాళ్లూ ఒకరి కాయ ముట్టని మనిషి ఆశపోతు అయ్యాడు. కాదని చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు.

ఈ ఏడు మదనపల్లెలో రైతుల మీటింగుకు సారు నన్ను రమ్మన్నాడు. పుంగనూరులో దిగితే మా అన్న, పెద్దోళ్లను ఏమీ అడగొద్దని చెప్పి బస్సెక్కించాడు. అక్కడ గోడ మీద మా చెట్టు బొమ్మ వేసి చూపించారు. రసం సీసాలు, పొడి పొట్లాలు బల్ల మీద పెట్టారు. అన్నిటిలోకీ మా చెట్టు పండే తీపని తేలిందంట. చివర్న సారు, ఏనుగుల వల్ల రెండో ఏడు పండ్ల వివరాలు దొరకలేదని చెప్పాడు. అంతే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర సారును పట్టుకున్నాను.

“సారూ, ఒక్కసారి మా పల్లెకు రాండి. కాయలు కోయొద్దని చెప్పింది మేమేనని నలుగురిలో ఒక్క మాట చెప్పండి. ఇంకేమీ అడగను.”

సారు చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టేశాడు. చెడ్డ మనిషి కాదు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

“మేము రిక్వెస్టే చేసినాము కదమ్మా, బలవంతం చెయ్యలేదు. ఇప్పుడు అట్లా చెబితే ఆఫీసుకు ఇబ్బంది అయితాది. చెంగల్రాయుడు గారు చాలా మంచి మనిషి.”

తర్వాత నల్ల కవరులో ఒక అంటు మొక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీ చెట్టు కొమ్మతో కట్టిందే, పెరట్లో నాటండి, పాదుకునేదాకా రెండు పూటలా నీళ్లు మరవొద్దు అన్నాడు. ఎవరో ఫోటో తీశారు. బస్సులో దాన్ని చంటిబిడ్డలాగా ఒళ్లో పెట్టుకుని ఇంటికి చేరాను.

బయ్యమ్మ వాకిట్లోనే ఎదురైంది.

“వస్తాడా మీ సారు?”

“రాడంట. మంచి మనిషి అన్నాడు ఆయన్ను.”

“అది మాకు తెలీదా?” అనింది బయ్యమ్మ. కాసేపు మొక్కను చూసి, “దీనికెన్ని ఏనుగులొస్తాయో” అని తన ఇంట్లోకి పోయింది.

గట్టు మీది చెట్టు కాయలు ఈ ఏడు పచ్చిగా ఉన్నప్పుడే దులిపించేశాను. మొక్కను మాత్రం నాటలేదు. నల్ల కవరులోనే పెరటి గోడ వార పెట్టాను. మట్టి బీటలిచ్చింది, ఆకులు ముడుచుకున్నాయి. నిన్న సారు ఫోన్ చేసి, నాటినారా అమ్మా, ఒక ఫోటో పంపండి అన్నాడు. చూస్తాలే సారూ అన్నాను.

ఈ సాయంత్రం బిందె తీసుకుని పెరట్లోకి పోయాను. కరివేపాకుకు పోశాను, మిరప మొక్కలకు పోశాను, బయ్యమ్మ గోడ మీదికి పాకిన కాకర తీగకూ పోశాను. బిందెలో ఇంకా నీళ్లున్నాయి. ఆ అంటు మొక్క పక్కనే నిలబడ్డాను. పచ్చని మొక్కను ఎండబెట్టే ఆడదాన్ని మా పల్లెలో ఏమంటారో నాకు తెలుసు. అననీ. మిగిలిన నీళ్లతో కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేశాను.