గాజులు తీయమన్న పాఠం: ఇబ్రహీంపట్నంలో రెండు వారాలు

పల్లెల్లో కాన్పులు చేసే మంత్రసానులకు శుభ్రం నేర్పి రమ్మని మా దవాఖానవారు నన్ను ఇబ్రహీంపట్నం పంపారు. రెండు వారాల పని. నాకు ముందు పోయినామె నాలుగు రోజులకే తిరిగివచ్చి, వాళ్లకు చెప్పడం కన్నా గోడకు చెప్పడం మేలని తేల్చేసింది. నేను అట్లా రాకూడదని పంతం పట్టి బయలుదేరాను.

సోమవారం ఉదయం ఏడింటికి గౌలిగూడలో బస్సు ఎక్కాను. టికెట్టు ఆరణాలు. యుద్ధం రోజులు కనుక పెట్రోలు దొరకదు. బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి ఆ గ్యాసుతో నడుపుతున్నారు. తుర్కయాంజాల్ దగ్గర అది మొరాయిస్తే మగవాళ్లంతా దిగి తోశారు. ఇటు రాదలచినవారు తెల్లబట్టలు కట్టుకోవద్దని నా సలహా. నావి దిగేసరికి మసిగుడ్డలయ్యాయి.

పక్క సీటులో కొంగరకలాన్ పెద్దామె, పేరు కాసింబీ. నా పెట్టెలో ఏముందని అడిగింది. సబ్బు, కత్తెర, దూది అన్నాను. తానూ కాన్పులు చేస్తానని, ఈ పాఠానికే రమ్మని పట్వారీ కబురు పెట్టాడని చెప్పి, మూటలోని జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చింది. పది దాటాక పెద్ద చెరువు కట్ట కనపడింది. తహసీలు కచేరీ వెనక గదిలో నా బస. పక్కింటివారు పూటపూటకు రొట్టె, పచ్చిపులుసు పంపేవారు. అంత మంచి పచ్చిపులుసు నేను పట్నంలో తినలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఊరి దవాఖాన వరండాలో పాఠం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తొమ్మిదిమంది వచ్చారు. మావాళ్లిచ్చిన పాఠాల పుస్తకంలో ఉన్న మొదటి మాట చెప్పాను: చేతులు కడిగే ముందు గాజులు తీయండి. కొంగులు దులుపుకుని లేచి మెట్లు దిగారు. ముత్తయిదువలను, అదీ బిడ్డ పుట్టబోయే ఇంట్లో, చేతులు బోసి చేసుకోమన్నాను మరి. భర్త పోయి ఆరేళ్లుగా నా చేతులు బోసివే. అందరికన్నా ముందు నాకే తట్టవలసిన సంగతి అది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు.

కాసింబీ మాత్రం కదలలేదు. "జర దానికి గింత పంచాయితేంది?" అని పాతగుడ్డ పేలిక చింపి, గాజులు మోచేతి వైపు నెట్టి, మీద చుట్టి ముడి వేసి చూపించింది. గాజులు చేతికే ఉన్నాయి, మణికట్టు కడగడానికీ వీలైంది. ఆమే పోయి అందరినీ పిలుచుకొచ్చింది.

రెండో రోజు బొడ్డు కోయడం చెప్పాను. తుప్పు కొడవలితో కోసి పైన పిడకల బూడిద అద్దితే, వారం తిరిగేలోగా బిడ్డ దవడలు బిగుసుకుని పాలు పట్టక చనిపోతుందని, అది గాలి సోకడం కాదని అన్నాను. లచ్చమ్మ మూలన కూర్చుని వింటోంది. ఇబ్రహీంపట్నంలో సగంమందిని భూమ్మీదికి తెచ్చిన మంత్రసాని ఆమె. కోడలు మల్లమ్మకు ఇద్దరు పుట్టి ఇద్దరూ అట్లాగే పోయారు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. అందరూ వెళ్లాక లచ్చమ్మ నా దగ్గరికి వచ్చింది.

"గా ఇద్దరి బొడ్డు నేనే కోసిన బిడ్డా. అంటె నా చేతులల్లనే పోయిన్రా?"

కాదనడం తేలిక. కానీ కాదంటే ఆ కొడవలే మూడో బిడ్డ మీదికీ వస్తుంది.

"కొడవలి తోటే పోయిన్రు అవ్వా. నీకు ఎవ్వరు చెప్పలే" అన్నాను.

ఆమె ఏడవలేదు. నడుముకు దోపుకున్న కొడవలి తీసి నా ముందు పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఇక ఎవరి కాన్పూ ముట్టనని చెప్పిందట. నాకు అన్నం సయించలేదు. రెండు వారాలుండి పోయేదాన్ని, ఊరికి ఉన్న మంత్రసానిని లేకుండా చేశానే అని కుమిలిపోయాను.

గురువారం తెల్లవారి, మల్లమ్మకు నొప్పులు వస్తున్నాయని కబురు. పోయేసరికి లచ్చమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే నువ్వే చెయ్యమంది.

"నేను పోయినంక ఎవలు చేస్తరు అవ్వా?"

కొంగు బిగించి లేచింది. నీళ్లు మసలబెట్టాం. ఆమె గాజులకు పేలిక నేనే కట్టాను. కాన్పు ఆమే చేసి, కత్తెరతో బొడ్డు కోసింది. ఆడపిల్ల. బూడిద జోలికి పోకుండా మసలబెట్టి ఆరేసిన గుడ్డే కట్టింది.

ఆ పై వారం పాఠాల్లో ఏం చెప్పానో నాకే తెలియదు. రోజూ పొద్దున వాళ్ల వాకిట నిలబడి, పిల్ల ఏడుపు విన్నాకే దవాఖానకు పోయేదాన్ని. గండం తేలే ఏడో రోజు లచ్చమ్మ ముద్ద ముట్టలేదు. ఎనిమిదో రోజూ గడిచింది. తొమ్మిదో రోజు పిల్ల పాలకోసం ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంటే మల్లమ్మ నవ్వింది. ఆమె నవ్వు నేను చూడటం అదే మొదలు.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి తిరుగు బస్సు. కాసింబీ వచ్చి రొట్టెల మూట ఇచ్చింది. లచ్చమ్మ సాగనంపడానికి రాలేదు, మనసు చివుక్కుమంది. శేరిగూడకు ఇవతల, బొగ్గు వేయడానికి బస్సు ఆగింది. చూస్తే రోడ్డు పక్కన లచ్చమ్మ, నేనిచ్చిన కత్తెర డబ్బా చంకన పెట్టుకుని గబగబా నడుస్తోంది. పిలిచాను. శేరిగూడలో ఎవరికో నొప్పులట.

"ఆగనీకి లేదు బిడ్డా. ముందుగాల పోయి నీళ్లు నేనే మసలబెట్టాలె" అంది, నడక ఆపకుండానే.

ఇబ్రహీంపట్నం పోయేవారికి చెరువు చూడమని, పచ్చిపులుసు తినమని చెబుతాను. నాకు మాత్రం ఆ ఊరంటే ఆ రోడ్డు మీది లచ్చమ్మే. శేరిగూడ ఇంకా అరమైలు ఉంది. ఆమె అప్పటికే గాజులు పైకి నెట్టి పేలిక కట్టేసుకుంది.