పాత సిలబస్ త్యాగం

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఆ రోజుల్లో జనగామలో కుదురుగా కూర్చున్నవాళ్లు దీక్షా శిబిరంలో తప్ప కనపడేవారు కాదు. బడులు బంద్, బస్సులు బంద్, రైలు ఎక్కడ ఆగుతుందో తెలియదు. నాకైతే రెండింతల గాబరా. అకౌంటెన్సీ పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పాను. "ఈసారి పాస్ కాకుంటే సక్కగ దుకాణంల కూసో" అని బాపు తేల్చేశాడు. మాది కిరాణా దుకాణం. బెల్లం దిమ్మెల మధ్యే నా బతుకంతా తెల్లారిపోతుందని తలచుకుంటే అన్నం సయించేది కాదు.

చౌరస్తాలో రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. వర్తకుల వంతు వచ్చినప్పుడు ఇంటికొకరు కూర్చోవాలి. మా వంతే కాదు, పక్క దుకాణాల వంతులు కూడా నేనే తీసుకున్నాను. ఉద్యమం మీద ప్రేమ లేదని కాదు గానీ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరూ పని చెప్పని చోటు ఊళ్లో అదొక్కటే. భూపాలపల్లి బావ (నా కోర్సే మధ్యలో మానేసి బొగ్గు గని ఆఫీసులో చేరినవాడు) ఇచ్చిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని తెగ చదివేవాణ్ణి. ఒకరోజు పేపర్లో మా దీక్ష ఫొటో పడింది. అది చూసి మానుకోట నుంచి పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. ఆమెదీ అదే కోర్సు.

"ఫోటోల మస్తున్నవ్ తమ్మీ. గాని నీ ఒళ్లె గా పుస్తకమేంది?"

"టాక్సుల పేపర్ది అక్కా. మొత్తం అయిపోయింది."

"గది పాత సిలబస్ రా. ఈసారి సంది కొత్తదే."

(సిలబస్ మారిందని పరీక్ష వాళ్ల నుంచి ఉత్తరం వచ్చే ఉంటుంది. బాపు అందులో జీలకర్ర పొట్లం కట్టి ఉంటాడు.)

పరీక్షకు మూడు వారాలే ఉన్నాయి. కొత్త పుస్తకాలు హైదరాబాద్‌లో, బస్సులేమో డిపోల్లో. ఆ పూట శిబిరంలో కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటే, శిబిరానికి రోజూ వచ్చే ముసలి పంతులు సారు నా సంగతి అడిగి తెలుసుకుని, "పాతది పోయి కొత్తది రావాలెననే గద మనం గిక్కడ కూసున్నది. నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్ బిడ్డా" అన్నాడు.

పరీక్ష రాశాను, తప్పాను. చదివింది పాత సిలబస్ అని చెప్పేద్దామని దుకాణానికి వెళ్లేసరికి బాపు పక్క దుకాణం సేటుతో అంటున్నాడు: "మావోడు దీక్షల కూసుండి పరీక్ష పోగొట్టుకున్నడు. ఒక్క ఏడాది తెలంగాణకిచ్చిండు." తర్వాత నా వైపు తిరిగి, "మల్ల రాయి. దుకాణం నేను జూసుకుంట" అన్నాడు. అసలు సంగతి కొత్త పుస్తకాలు కొన్నాక చెబుదామనుకున్నాను, ఆ తర్వాత పాసయ్యాక చెబుదామనుకున్నాను. పాసయ్యాను కూడా.

మొన్న బాపు మా పాపకు ఆ కథ చెబుతున్నాడు. అందులో నేను పరీక్ష పేపరు చింపి పారేసి దీక్షకు నడిచి వెళ్లిపోయాను. ఆ కథలోని కుర్రవాడు నాకంటే ఎంతో నయం అనిపించి, కొంచెం అసూయ కూడా కలిగింది. పాప నా వైపు తిరిగి "నిజమేనా డాడీ" అని అడిగింది.

"తాతకు అన్నీ యాదికుంటయి బిడ్డా" అన్నాను.