కరస్పాండెంటు సారూ, కోణీయ త్వరణమూ

హిందూపురంలో దాదాపు చేతికొచ్చిన ఉద్యోగాన్ని గిరగిరా తిప్పి నేలకేసి కొట్టిన ఘనత నాది. ఎలా కొట్టానో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటికి నేను బీయస్సీ, బీఎడ్ ముగించి ధర్మవరంలో మా చిన్నాయన చీరల షాపులో కూర్చునేదాన్ని. దినమంతా పట్టుచీరలు విప్పి చూపించడం, కొనకుండా పోయినవాటిని మళ్ళీ మడతపెట్టడం. కొనేవాళ్ళకంటే "ఇంకో రంగుంటే చూపీమ్మా" అనేవాళ్ళే ఎక్కువ. ఆ మడతల్లోంచి నన్ను బయటపడేయడానికే అన్నట్టు హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ టీచరు ఖాళీ వచ్చింది.

ఆ స్కూలు కరస్పాండెంటు సారు నన్ను బాగా తిప్పించుకున్నాడు. ఒకసారి వెళ్తే బెంగళూరు పోయాడన్నారు. ఇంకోసారి వెళ్తే మీటింగన్నారు. ఆ తర్వాత వెళ్తే ఎదురుగానే ఉన్నాడు, "ఈ దినం మూడ్ లేదమ్మా, మళ్ళా రా" అన్నాడు. మూడ్! నేను రైలెక్కి పోయింది ఆయన మూడ్ చూడ్డానికా?

"ఇదే లాస్టు," అన్నాడు మా నాయన. "ఈసారన్నా రాలేదంటే ఇంగ ఉద్యోగం మాటెత్తద్దు. చిన్నాయన షాపులోనే ఉండు."

కోపమంతా చదువు మీద చూపించాను. రైలు ధర్మవరం దాటగానే పుస్తకం తెరిచి, పెనుకొండ వచ్చేలోపల భ్రమణ చలనం పాఠం మొత్తం మింగేశాను. మింగడమే, నమలడం లేదు. కోణీయ త్వరణం దగ్గరైతే అసలు ఆగనేలేదు. త్వరగా అంటే నాకు తెలుసు, కాబట్టి త్వరణమూ తెలిసినట్టే. ఎంత త్వరగా తిరిగితే అంత త్వరణం! తెలుగు వచ్చిన మనిషికి దీనికి వేరే పుస్తకం ఎందుకు, మీరే చెప్పండి?

సారు గదిలో కొత్త కుర్చీ ఉంది. గుండ్రంగా తిరిగే రకం. ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. అందులో రాజుగారిలా కూర్చుని పైనున్న ఫ్యానును చూపించాడు.

"ఏమ్మా, ఆ ఫ్యాను ఒకే జోరు మీద తిరుగుతాండాది. దాని కోణీయ త్వరణమెంత?"

"బాగా ఎక్కువుంటాది సార్. ఫుల్లులో పెట్టినారు కదా."

"సున్నా."

"సున్నానా? ఇంత గాలి వస్తాంటే సున్నా ఎట్లయితాది సార్?"

"జోరు మారితేనే కదమ్మా త్వరణం. మారకపోతే యాడుంటాది?"

"పేరులోనే త్వర ఉండాది కద సార్! త్వర ఉంటే త్వరణం ఉన్నట్టే కదా!"

"బీఎడ్ యాడ చేసినావమ్మా నువ్వు?"

ఆ ఒక్క మాటతో నా అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరు చెప్పిందే రైటని రుజువేంది సార్?" అనేశాను. ఉద్యోగం అడగడానికి వచ్చిన మనిషి మాట్లాడే మాటేనా అది? కాదు. తెలుసు. అయినా అనేశాను.

సారుకూ రోషమొచ్చింది. "ఈ స్కూలు పెట్టకముందు నేను ఇదే ఫిజిక్స్ చెప్పినోణ్ణి. రుజువు కావాల్నా? ఈ కుర్చీని తిప్పు. సమంగా తిరిగినంతసేపూ నాకేమీ కాదు, చూడు!" అని కాళ్ళు పైకెత్తి కూర్చున్నాడు.

తిప్పాను. నన్ను ఇన్నాళ్ళూ తిప్పించుకున్న కసి అంతా చూపించి తిప్పాను. కుర్చీ బొంగరమైంది. ఒకసారి సారు మొహం కనిపిస్తోంది, ఒకసారి బట్టతల కనిపిస్తోంది.

"చూసినావా? హాయిగుండాది!"

"ఇంత జోరులో గూడా సున్నానేనా సార్?"

"సున్నానే!"

"ఇప్పుడు?"

"ఇప్పుడూ సున్నానే!"

ఇక లాభం లేదు, మొహం మొహం చూసుకుని తేల్చుకుందామని కుర్చీ చేతిని రెండు చేతులతో పట్టి ఠక్కున ఆపాను. కుర్చీ ఆగింది. సారు ఆగలేదు. ప్లాస్టిక్ కవరు మీద సర్రున జారి, బీరువా పక్కన కూలబడ్డాడు.

సారు నేల మీద నుంచే వేలు పైకెత్తాడు.

"తిరిగేటప్పుడు నాకేమన్నా అయిందా?"

"లేదు సార్."

"ఆపినప్పుడు?"

"అయింది సార్."

"జోరు మారింది. అదీ త్వరణమంటే!"

నమ్ముతారో లేదో, డిగ్రీ మూడేళ్ళలో ఎక్కనిది ఆ క్షణంలో నా బుర్రకెక్కింది. సంతోషం పట్టలేక, "అర్థమయింది సార్! పిల్లోళ్ళకి గూడా ఇట్లే చెప్తా. ఎప్పట్నించి రావల్ల?" అన్నాను.

"వాచ్‌మన్!" అని అరిచాడు సారు.

మరుసటి దినం నుంచి మళ్ళీ షాపే, మళ్ళీ మడతలే. నా మీద నాకు వచ్చినంత కోపం ఆ సారు మీద కూడా రాలేదు. పాఠం అర్థమైన రోజే పాఠం చెప్పే ఉద్యోగం పోవడం కంటే ఘోరం ఇంకేముంటుంది?

అందుకే నా ముందున్న ఈ పట్టుచీరల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఉద్యోగమిచ్చే మనిషిని ఈ జన్మలో కుర్చీతో సహా తిప్పను. ఒకవేళ తిప్పాల్సి వచ్చిందే అనుకోండి, చచ్చినా ఆపను.