కత్తిరించిన స్ట్రిప్పు మీద సగం పేరు

ఈ శుక్రవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, నాచారంలో ముసురు పట్టి ఉండగా, మనవరాలు తన ఫోనులో గొంతును మూడు రోజుల్లో బాగుచేసే సిరప్పు ఒకటి చూపించింది. రాసినదెవరో, ఎప్పుడు రాశారో ఎక్కడా లేదు. కొనుక్కునే బటను మాత్రం మెరుస్తోంది. నాకు మా బావ గుర్తుకు వచ్చాడు.

రెండువేల ఏడు వేసవిలో ఆ బావ, అంటే మా చెల్లెలి భర్త, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మైకులో బస్సుల వేళలు ప్రకటించే తాత్కాలిక ఉద్యోగి. గొంతు బొంగురుపోయింది, నెలాఖరులోగా పలకకపోతే వేరొకరిని పెట్టుకుంటామని పైవారు చెప్పేశారు. అప్పట్లో దుకాణంలో నాలుగు మాత్రలు అడిగితే స్ట్రిప్పును కత్తెరతో కోసి ఇచ్చేవారు. మందు పేరు ఒక ముక్కతో, గడువు తేదీ మరో ముక్కతో పోయేవి. మిగిలినవి నలుగురికీ పంచడం మన తరంలో ఒక మర్యాద కదా. అలా బావ దగ్గర ఆరు రకాల మందులు పోగయ్యాయి. వాటిలో సగం పేరున్న తెల్లని మాత్రలు మేడిపల్లిలో ఉండే తోటి ఉద్యోగి ఇచ్చినవి. ఇదేమి మాత్ర అని అడిగాను.

"గొంతు గోలీనే బావా, ఆయనకు మస్తు పనిజేసిందట. గోలీకి గూడ జాతకం అడుగుతవేంది?" అని గుసగుసగా చెప్పి నవ్వాడు.

నాచారం ఇంటర్నెట్ సెంటరులో కూర్చుంటే, ఒక పేజీ పొగిడిన మందునే మరొకటి తిట్టింది. సగం పేరుకు ఎన్నెన్నో మందులు వచ్చాయి. చివరికి మేడిపల్లి వెళ్లి, ఆ ఉద్యోగి ఇంట్లో మందుల డబ్బా గుమ్మరింపజేసి, మా ముక్కకు అంచు కలిసే ముక్కను వెతికి పట్టుకున్నాను. పేరు పూర్తయింది. వాళ్లమ్మ వంగి చూసింది.

"అయ్యో, గవి నా బీపీ గోలీలు బిడ్డా! ఒంట్లె నీళ్లు గుంజేటివి. గొంతుకు ఇయ్యమని ఎవలు జెప్పిన్రు?"

కొడుకు తల పట్టుకున్నాడు. డబ్బాలో పక్కపక్కనే ఉన్న రెండు తెల్లని ముక్కల్లో ఒకటి తీయబోయి మరొకటి తీసి ఇచ్చాడట.

మందులన్నీ సంచిలో వేసుకుని బావను దవాఖానాకు తీసుకువెళ్లాను. అరిచి అలసిన గొంతును ఆ మాత్రలు మరింత ఎండబెట్టాయని, ఇక నీళ్లూ మౌనమూ మాత్రమే వైద్యమని, గుసగుస కూడా పనికిరాదని డాక్టరు చెప్పారు. నెలాఖరుకు రెండు రోజుల ముందు మైకులో వరంగల్ బస్సు పేరు బావ గొంతులోనే విన్నాను.

ఇప్పుడు సమాచారానికి కొరత లేదు. కానీ ఒకరి గడప ఎక్కి, ఇది మీకెక్కడిదని అడిగి, వాళ్ల డబ్బా గుమ్మరింపజేయగల ఆ చనువు మాత్రం ఏ తెర మీదా నాకు కనబడలేదు. ఇక లెక్క: సంచిలో పట్టుకెళ్లిన మందులు ఆరు, డాక్టరు వాడమన్నది ఒక్కటీ లేదు.