మైసయ్య మేస్త్రీ డ్రిల్లింగ్ మిషన్

రిబ్కమ్మ ఫోన్ చేసిన రోజు నుంచి కొమురెల్లికి తిన్నది ఒంటబట్టడం లేదు. ఆమె అడిగింది పెద్ద కోరికేమీ కాదు. ధర్మపురిలో తన భర్త మైసయ్య వదిలిపోయిన డ్రిల్లింగ్ మిషన్ ఉంది, వచ్చి తీసుకుపొమ్మంది. ఊరికే. మురుగు మోరీ వెడల్పు చేస్తారట, మిషన్ ఉన్న షెడ్డు తీసేయాలట. సోమవారం లోపల మిషన్ కదలకపోతే పాత ఇనుము వాడి బండి ఎక్కుతుంది.

"పాత ఇనుపోనికి ఇయ్యబుద్ధయితలేదు బిడ్డా. నీకైతే దాని సంగతి ఎరుకుంటది," అంది.

అంతటితో ఆపితే కొమురెల్లి ఆ పూటే ట్రాలీ మాట్లాడుకునేవాడు. ఆమె ఆపలేదు.

"ఒక్కసారి నీ చేత్తోని నడిపి చూడు. పాడయింది మిషనా, మీ మేస్త్రీ చెయ్యా, నాకు తెల్వాలె. గది తెల్వకుంటనే ఆయన పోయిండు."

కొమురెల్లి గుండెల్లో రాయి పడింది అప్పుడే.

అతను చొప్పదండి బస్టాండు వెనక రేకుల షెడ్డులో రోటవేటర్లు, నాగళ్ళు, మోటార్ల కప్లింగులు బాగుచేస్తాడు. నలభై తొమ్మిదేళ్ళు. భయస్తుడంటే ఒప్పుకోడు గాని, భయపడటానికి ఒక సంగతి దొరికిందా, దాన్ని చంకనెత్తుకుని తిరిగే రకం. నట్టు బిగిస్తాడు, విప్పుతాడు, మళ్ళీ బిగిస్తాడు. షట్టరుకు తాళం వేసి సగం దారి పోయి, వెనక్కి వచ్చి లాగి చూస్తాడు. రైతులు నవ్వుతారు, నవ్వి పని మాత్రం అతనికే ఇస్తారు. ఆ చాదస్తమే అతనికి నాలుగు మండలాల్లో పేరు తెచ్చింది. సౌదీలో, దమ్మాంలో పదేళ్ళు పైపుల పని చేసి ఐదేళ్ళ కింద తిరిగొచ్చాడు గాని, అతన్ని పనివాణ్ణి చేసింది దమ్మాం కాదు. అంతకు ముందు మైసయ్య దగ్గర గడిపిన పదకొండేళ్ళు.

ఆ మిషన్ శ్రీరాంపూర్ గనుల వైపు జరిగిన పాత సామాను వేలంలో మైసయ్య చేతికొచ్చింది. మనిషెత్తు మీద జానెడు ఎక్కువ, కదిలించాలంటే నలుగురు కావాలి. మైసయ్య దాన్ని పాడి బర్రెను చూసుకున్నట్టు చూసుకునేవాడు. దసరా ముందు రోజు కొమురెల్లి దానికి ఆకుపచ్చ రంగు వేసి, పండుగ నాడు బొట్టు పెట్టేవాడు. క్రిస్మస్ వస్తే మైసయ్య ఇంటికి సున్నం వేయించి, మిషన్‌కు నీలం రంగు వేయించేవాడు. ఒకరి భక్తి ఒకరికి అడ్డం రాలేదు. మిషనే పాపం, ఏడాదికి రెండు అంగీలు తొడుక్కుని లావెక్కింది.

కొమురెల్లి దమ్మాం పోయిన రెండు మూడేళ్ళకు మైసయ్య ఆ మిషన్‌తో వేసే బెజ్జాలు వంకర పోవడం మొదలైంది. గోదావరి ఒడ్డు మోటార్లను పంపులకు కలిపే కప్లింగుల్లో బోల్టు కూర్చోదు, కూర్చున్నా మోటారు గజగజలాడుతుంది. మొదట చెడిపోయింది చర్చి సంఘం పెద్ద ఎబినేజర్ మోటారే. "మిషన్ల ఏందో ఉన్నది," అన్నాడు మైసయ్య. "ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ కథ," అన్నాడు ఎబినేజర్, అదీ పదిమందిలో. ఆ మాట పట్టుకుని ఊరంతా మైసయ్య చేతుల వైపు చూడసాగింది. అరవై దాటిన మనిషి చేతుల్ని అందరూ అలా గుచ్చి గుచ్చి చూస్తే వణకని చేతులు కూడా వణుకుతాయి. కొన్నాళ్ళకు మైసయ్యే నమ్మాడు. షెడ్డుకు తాళం పెట్టాడు. కొమురెల్లి సెలవు మీద వచ్చి పలకరించడానికి పోతే, ఉన్నంతసేపూ చేతులు రెండూ తువ్వాల కింద పెట్టుకునే మాట్లాడాడు. కొమురెల్లి ఏమీ అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ బాధే. మైసయ్య పోయి మూడేళ్ళయింది.

ఇప్పుడేం చేయాలి? మిషన్ తెచ్చి నడిపితే, బెజ్జం సూటిగా పడిందనుకో, చెయ్యే పాడైందని రిబ్కమ్మకు ఏ నోటితో చెప్పాలి? వంకరగా పడిందనుకో, ఆ పాడు మిషన్ తన నెత్తినే. ఆమె ప్రేమతో ఇచ్చినదాన్ని పాత ఇనుముకు వేయలేడు, పనికి పెట్టలేడు. తెల్లారి లేస్తే దాని మొహమే చూడాలి.

భార్య నవత అతను అన్నం కెలుకుతూ కూర్చోవడం మూడు రోజులు చూసింది. నాలుగో రోజు ఊరుకోలేదు. "తా దూర సందు లేదు, మెడకో డోలు. మన షెడ్డుల నువ్వు నిలవడనీకె జాగ లేదు, గా ఏనుగును యాడ కట్టేస్తవ్?" అంది. మొగుడు నవ్వకపోయేసరికి గొంతు మార్చింది. "ఇంత ఫికర్ ఎందుకయ్య? పోయి చూసి రా. చూడకుంట ఇంట్ల కూసోని పరేషానైతే ఏమొస్తది?"

శుక్రవారం పొద్దున కొమురెల్లి పనిముట్ల సంచీతో ధర్మపురి పోయాడు. రిబ్కమ్మ షెడ్డు తాళం తీసి, చాయ్ ఇచ్చి, స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది. డాక్టరు నాడి చూస్తుంటే రోగి తాలూకువాళ్ళు కూర్చున్నట్టు. కొమురెల్లి మిషన్ మీది ఫ్లెక్సీ గుడ్డ లాగేశాడు. బిట్టు పట్టే చక్కును గుప్పిట పట్టుకుని అటూ ఇటూ ఊపాడు.

టకటకమంది. వేలెడు ఆట ఉన్నట్టనిపించింది చేతికి. ఇంత వదులుగా ఉంటే ఏ మొనగాడు వేసినా బెజ్జం సూటిగా పడదు. అంటే మైసయ్య చెయ్యి కాదు. మిషనే!

నాలుగు రోజుల బరువు ఒక్కసారి దిగిపోయింది. చెబుదామని నోరు తెరిచాడు కూడా. కానీ కొమురెల్లి కదా, ఎందుకు వదులైందో తేలకుండా అతనికి నిద్ర పట్టదు. చక్కును తిప్పే ఇరుసు, స్పిండిల్, తిరిగే చోట పైన ఒకటి, కింద ఒకటి కడియాల్లాంటి బుష్‌లు ఉంటాయి. వాటికి రోజూ నూనె చుక్క పడాలి. పై బుష్ బాగానే ఉంది. కిందిది అరిగి పలచబడింది, చుక్క నూనె తాకినట్టు లేదు.

"మేస్త్రీ కింద నూనె పోస్తుండెనా అవ్వ?"

"అయ్యో, పొయ్యకేంది! రోజు పొద్దుగాల ప్రార్థన చేసుకున్నంక ముందుగాల అదే పని. పైన ఒక చుక్క, కింద ఒక చుక్క. కారిందంతా గుడ్డతోని తుడిచేటోడు."

కొమురెల్లి కిందికి వంగి, నూనె బెజ్జం ఉండాల్సిన చోట వేలు పెట్టి తడిమాడు. నున్నగా ఉంది. గీకుడు బ్లేడు తీసి రంగు చెక్కాడు. నీలం, కింద ఆకుపచ్చ, కింద మళ్ళీ నీలం. బ్లేడు మొన చిన్న గుంటలో దిగింది. సూదితో కెలికితే లోపలి నుంచి నల్లబడ్డ పుల్ల ముక్క ఒకటి ఊడి అరచేతిలో పడింది.

అగ్గిపుల్ల.

కొమురెల్లి దాన్ని గుర్తుపట్టాడు. రంగు వేసేటప్పుడు నూనె బెజ్జంలోకి రంగు దిగకుండా అగ్గిపుల్ల దూర్చి, బ్రష్‌కు అడ్డం రాకుండా విరిచి, ఆరాక లాగేయడం అతని పద్ధతి. మైసయ్య నేర్పింది కూడా కాదు, సొంత తెలివి. మేస్త్రీ మెచ్చుకున్న తెలివి. దమ్మాం వీసా హఠాత్తుగా వచ్చింది ఒక క్రిస్మస్ ముందు. సాయంత్రం హైదరాబాదు బస్సు. అయినా పొద్దున వచ్చి, మళ్ళీ ఎప్పుడు వస్తానో అని, ప్రేమ కొద్దీ నీలం రంగు దట్టంగా రెండు పూతలు వేసి పోయాడు. పుల్ల లాగింది మాత్రం లేదు. ఆ తర్వాత చూపు తగ్గిన మైసయ్య రోజూ ఆ రంగు మీదే నూనె చుక్క వేశాడు. చుక్క బయటి నుంచే కారింది. కారిందాన్ని శుభ్రంగా తుడిచాడు. కొమురెల్లి చేసిన పనిని మళ్ళీ చూడాల్సిన అవసరం ఉంటుందని ఆయన అనుకోలేదు.

మద్దెల నిజంగానే ఓడు. దాన్ని ఓడు చేసింది తను.

"ఏమైంది బిడ్డా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది కొమురెల్లికి. పుల్లను పిడికిట్లో నొక్కి పట్టి లేచి నిలబడ్డాడు. "మిషనే అవ్వ. మేస్త్రీ చెయ్యి మంచిగనే ఉండె," అన్నాడు. అబద్ధం కాదు. ఇంతటితో సరిపోతుంది కూడా, ఎవరికీ ఏ నష్టమూ లేదు.

రిబ్కమ్మ కళ్ళు మూసుకుని "దేవునికి స్తోత్రం" అంది. కాసేపటికి కళ్ళు తెరిచింది. ఆమె మొహంలో కొత్త దిగులు.

"మరి రోజు నూనె పోస్తే గూడ ఎట్ల పాడయింది? ఆయనకు కండ్లు సరిగ కనవడకపాయె, నూనె నేనే తెచ్చేదాన్ని. అగ్గువకొస్తుందని ఒక తీరుగ విడి నూనె తెస్తుంటి. గా నూనెతోనే కరాబయిందా? నా చేతులతోనే ఆయన నోటికాడి పని తీసేసిన్నా కొమురెల్లీ?"

ఇదెక్కడి తిప్పలు! కొమురెల్లి చెమట తుడుచుకున్నాడు. ఊరుకుంటే ఈ ముసలమ్మ మిగిలిన బతుకంతా నూనె డబ్బాను తలచుకుని ఏడుస్తుంది. చెబితే తన మొహం ఈమెకు మళ్ళీ చూపించలేడు. పిడికిలి విప్పి చూపించాడు.

"నూనె కాదవ్వ. ఇది. నేను పెట్టిన. తియ్యక పోయిన."

జరిగిందంతా చెప్పాడు. రిబ్కమ్మ ఆ పుల్ల ముక్కను తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గింతదా," అంది. పుల్లను అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. "నా బిడ్డ మహిమకు పిల్ల పుట్టినప్పుడు ఎత్తుకోమంటే ఎత్తుకోలే. జారిపడ్తదని. మనుమరాలిని ఒక్కనాడు ఎత్తుకోకుంటనే పోయిండు."

కొమురెల్లి ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆమె లెమ్మనలేదు, ఓదార్చలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, నిలకడైన గొంతుతో అంది:

"ఎల్లుండి ఐతారం. మా గుడికి రా. సాక్ష్యాలు చెప్పేటప్పుడు నిలవడి గిదే చెప్పు. నేను చెప్తే మొగని మీది పావురంతోని చెప్తున్నదంటరు. నువ్వు చెప్తే నమ్ముతరు. చెప్పినంకనే మిషన్. చెప్పకుంటే గా ఇనుపోనికే ఇస్త."

ఆ రెండు రోజులూ కొమురెల్లి మనిషి కాదు. ధర్మపురి వైపు రైతులు ఎంతమంది తన దగ్గరికి వస్తారు! నట్టు రెండుసార్లు బిగించే కొమురెల్లి, అగ్గిపుల్ల మరిచి మేస్త్రీ బతుకు ఆపేశాడని తెలిస్తే ఒక్కడైనా వస్తాడా? ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో మోరీ పాలు. పోకపోతే అడిగేవాళ్ళు లేరు. రిబ్కమ్మ బయటపెట్టే మనిషి కాదు. నవతకు చెప్పాడు.

"పని తక్కువైతే తక్కువైతది. కానీ పోకుంటే నువ్వు మల్ల అన్నం తినవ్. నేను గూడ వస్త, నడువు," అంది.

ఆదివారం చర్చి నిండా జనం. ఒకావిడ కొడుకు జ్వరం తగ్గినందుకు సాక్ష్యం చెప్పింది. ఇంకొకాయన అల్లుడికి మస్కట్‌లో పని దొరికినందుకు చెప్పాడు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని పాస్టరు అడిగాడు. చివరి బెంచీలో నుదుట బొట్టుతో ఉన్న మనిషి లేవడం చూసి అందరూ వెనక్కి తిరిగారు. నవత మోచేత్తో ముందుకు నెట్టింది. కొమురెల్లి ముందుకు నడిచాడు. చేతులు వణుకుతున్నాయి. అందరూ వాటినే చూస్తున్నారు. దాచుకోవాలనిపించింది. దాచుకోలేదు.

"అందరికి వందనాలు. నేను మైసయ్య మేస్త్రీ దగ్గర పని చేసినోన్ని," అని నేల చూస్తూ మొదలుపెట్టాడు. పుల్ల సంగతి చెప్పాడు, రంగు సంగతి చెప్పాడు. "మేస్త్రీ చెయ్యి వణకలే. నూనె పోకుంట చేసింది నేను. గా మిషన్ నేను తీస్కపోతున్న. కొత్త బుష్ ఎక్కించి బాగుచేస్త. ఇగ దానితోని వంకర బొక్క పడితె నన్ననుండ్రి, ఆయనను అనకుండ్రి."

గుడిలో దగ్గు కూడా వినపడలేదు. ఎబినేజర్ పాటల పుస్తకం తెరిచి, అందులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు.

ఆడవాళ్ళ వైపు మొదటి బెంచీలో రిబ్కమ్మ లేచి నిలబడింది.

"ఇంకోసారి చెప్పు కొమురెల్లీ," అంది. "ఎనుక కూసున్నోళ్ళకు ఇనవడలే."

కొమురెల్లి తల ఎత్తి, ఎబినేజర్ మొహం చూస్తూ, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.