లైను చివరివాణ్ణి చూడటం నేర్పిన ఆంటీ

గడిచిన గురువారం ఉదయం మా ఎదురింటి డాక్టరాంటీ చనిపోయారు. కాల్గరీ నుంచి వచ్చి వారం రోజులుగా హాస్పిటల్లో ఆవిడ దగ్గరే ఉంటున్న కూతురు ఫోన్ చేసింది. "అమ్మ ఇప్పుడే వెళ్ళిపోయిందండీ. నిద్రలోనే" అంది. నేను ఇంట్లోంచే ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. మైక్ మ్యూట్‌లో పెట్టి, కిటికీలోంచి ఆవిడ ఇంటి తలుపు చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. భయమేసింది. ఇక మా అబ్బాయి ఆట చూడటానికి నా పక్కన ఎవరు కూర్చుంటారు?

మనిషి పోయారని తెలియగానే ముందు నా అవసరం గుర్తొచ్చినందుకు సిగ్గుపడ్డాను. కానీ ఆ మాట దాచిపెట్టి ఆవిడ గురించి రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది.

ఆవిడది నెల్లూరు. పెళ్ళయ్యాక అమెరికాలో ట్రైనింగ్ చేసి, అక్కణ్ణుంచి లండన్ వచ్చి, ముప్ఫై ఏళ్ళు ఎమర్జెన్సీ డాక్టరుగా పనిచేశారు. లండన్ అంటే కెనడాలో, ఒంటారియోలో ఉన్న మా లండన్. అంకుల్ పోయి చాలాకాలమైంది. పొట్టి మనిషి. ఇంట్లో నేత చీర, కాళ్ళకి దళసరి ఊలు మేజోళ్ళు. బెల్ కొట్టి, మేం తలుపు తీసేదాకా ఆగకుండా తనే తీసుకుని లోపలికి వచ్చేసేవారు. "ఎమర్జెన్సీలో పనిచేసినవాళ్ళకి తలుపు దగ్గర ఆగడం చాతకాదు" అనేవారు.

అమెరికాలో ట్రైనింగ్ రోజుల్లో ఆవిడకి ఫుట్‌బాల్ పట్టుకుంది. మనం ఫుట్‌బాల్ అనుకునేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునేది. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి టీవీ పెడితే సాయంత్రం దాకా కుర్చీలోంచి లేచేవారు కాదు. ఒళ్ళో స్వెటర్ అల్లిక, పక్కన పళ్ళెంలో వేయించిన వేరుశనక్కాయలు. మేం ఎదురింట్లోకి వచ్చాక ఏడేళ్ళపాటు వినడమే తప్ప నేనెప్పుడూ వెళ్ళి కూర్చోలేదు.

మావాడు పదో గ్రేడ్‌లో ఉండగా ఒక్క ఎండాకాలంలో ఆరడుగులు దాటాడు. సెప్టెంబర్‌లో స్కూల్ కోచ్ వాణ్ణి చూసి టైట్ ఎండ్‌గా తీసుకున్నాడు. అదేమిటో నాకు తెలీదు. తలకాయకి దెబ్బలు తగిలే ఆట అని మాత్రం తెలుసు. మావారు వారంలో మూడు రోజులు రెండు గంటల దూరంలో ఉన్న మార్కమ్ ఆఫీసులోనే. నేను పరుగెత్తుకుంటూ ఆంటీ దగ్గరికి వెళ్ళాను.

"మీరు డాక్టరు కదా ఆంటీ, మీరు వద్దని చెప్పండి. మీ మాటైతే వింటాడు."

ఆవిడ అల్లిక ఆపలేదు. "ముందు కూర్చో అమ్మాయ్. నువ్వు దేనికి భయపడుతున్నావో చూడు. తర్వాత చెప్తా."

ఆ ఆదివారం నాకు మొదటి పాఠం. "బంతిని చూడకు" అన్నారు. "లైను చివర నిలబడ్డవాణ్ణి చూడు. వాడే టైట్ ఎండ్. సగం గోడ, సగం పరుగు." ఊలు సూది టీవీ దాకా చాపి చూపించారు. టీవీలో ఆడుతున్న ఒక టీమ్‌లో ఇద్దరు టైట్ ఎండ్‌లు ఉన్నారు. ఒకతను పొడుగ్గా, తేలిగ్గా ఉన్నాడు. చాలాసార్లు లైన్ వదిలి దూరంగా నిలబడి, జింకలాగా పరుగెత్తి బంతి పట్టుకుంటున్నాడు. అతన్ని ఆపడానికి భారీ మనుషులకి వేగం చాలదు, వేగం ఉన్నవాళ్ళకి ఎత్తు చాలదు. అతను పట్టుకున్నప్పుడల్లా స్టేడియం లేచి నిలబడుతోంది. రెండో అతను వెడల్పు మనిషి. చెయ్యి నేలకి ఆనించి లైను పక్కనే వంగి ఉంటాడు. బంతి కదలగానే ఎదుటి భారీ మనిషిని ఢీకొని పక్కకి తోస్తాడు. ఆ సందులోంచి వేరేవాడు బంతితో పరుగెత్తుతాడు. అందరూ చప్పట్లు కొట్టేది పరుగెత్తినవాడికి.

"వెడల్పు మనిషి వస్తే పరుగు ఆటేనని అవతలివాళ్ళకి తెలిసిపోతుంది. పొడుగువాడు వస్తే పాస్, అంటే బంతి విసురుతారని తెలిసిపోతుంది. ఈ రోజుల్లో టీమ్‌లన్నీ వెతికేది రెండూ చెయ్యగలవాణ్ణి. వాడు నిలబడితే ఏం రాబోతోందో ఎవరికీ తెలీదు. మీవాణ్ణి కోచ్ అలా తయారుచేద్దామనుకుంటున్నాడు."

నాకు కావల్సింది అది కాదు. "ఇద్దరిలో ఎవరికి ప్రమాదం తక్కువ?" అని అడిగాను.

ఆంటీ టీవీ ఆపేశారు. "పట్టుకునేవాడికి దెబ్బ ఎటునుంచి వస్తుందో కనపడదు. కళ్ళు బంతి మీద ఉంటాయి, చేతులు పైకి ఉంటాయి, పక్కటెముకలు, తల అన్నీ ఖాళీ. కానీ ఆ దెబ్బ అందరూ చూస్తారు, పరుగెత్తుకొస్తారు. అడ్డుకునేవాడికి దెబ్బ ఎదురుగానే వస్తుంది, చిన్నదే, కానీ ప్రతి ఆటలోనూ వస్తుంది. దాన్ని ఎవరూ చూడరు." అల్లిక పక్కన పెట్టి, "నన్నడిగితే నాకు రెండోదంటేనే ఎక్కువ భయం" అన్నారు.

వద్దని మాత్రం చెప్పలేదు. ఆవిడ మీద కోపంతో ఇంటికొచ్చాను. అయినా మళ్ళీ ఆదివారం వెళ్ళాను. ఆ తర్వాత మావాడి ప్రతి మ్యాచ్‌కీ ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. ఒకే దుప్పటి కాళ్ళ మీద కప్పుకుని చెక్కబల్ల మీద కూర్చునేవాళ్ళం. ఎవరైనా వాడిమీద పడగానే నేను కళ్ళు మూసుకునేదాన్ని. ఆవిడ మోచేత్తో పొడిచేవారు. "భయపడు. తప్పులేదు. కానీ చూస్తూ భయపడు. కళ్ళు మూసుకుంటే నీ భయం వాడికి ఎందుకూ పనికిరాదు."

మరుసటి ఏడాది అక్టోబర్‌లో జరిగింది అది. నాలుగు క్వార్టర్ల ఆటలో మూడో క్వార్టర్. అంతకుముందే మావాడు మైదానం మధ్యలో గాల్లోకి ఎగిరి బంతి పట్టుకుని, వెనకనుంచి గుద్దేస్తే బొక్కబోర్లా పడ్డాడు. జనమంతా అయ్యో అన్నారు. ఆంటీ మాత్రం, "బానే ఉన్నాడు. లేచిన తీరు చూశావా, రెండు చేతుల మీదా ఒక్కసారే లేచాడు" అన్నారు.

కాసేపటికి మావాళ్ళ కుర్రాడొకడు బంతితో చివరిదాకా పరుగెత్తాడు. అందరం నిలబడి అరుస్తున్నాం. ఆంటీ ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"మీవాడు ఎటు వెళ్తున్నాడో చూడు."

మావాడు అవతలి టీమ్ వాళ్ళ వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. తర్వాత మావాళ్ళ టీమ్ మళ్ళీ ఆడటానికి వచ్చినప్పుడు వాడు లైనుకి అవతలివాళ్ళ వైపు వెళ్ళి నిలబడ్డాడు. పక్కవాడు జెర్సీ పట్టుకుని ఇటు లాగాడు. నేనైతే పొరపాటు పడ్డాడనుకునేదాన్ని. ఆంటీ అప్పటికే నా భుజం పట్టుకుని మెట్లు దిగుతున్నారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, చీర మీద పెద్ద కోటు, కాళ్ళకి మంచు బూట్లు. ఎవరూ దాటకూడని తెల్లగీత దాటి కోచ్ దగ్గరికి వెళ్ళిపోయారు.

"మ్యామ్, ప్లీజ్, మీరు వెనక్కి వెళ్ళాలి" అన్నాడు కోచ్.

"ఆ అబ్బాయిని బయటికి పిలవండి. తలకి తగిలింది."

"వాడి మీద ఎవరూ పడలేదే."

"ఆ పరుగు ఆటలో వాడే అడ్డుకున్నాడు. మీరు బంతిని చూస్తున్నారు. నేను ముప్ఫై ఏళ్ళు ఎమర్జెన్సీలో ఉన్నాను. పిలవండి."

ఆవిడ గొంతు పెంచలేదు. కోచ్ పిలిచాడు. ఇది ఎన్నో క్వార్టర్ అని ట్రైనర్ అడిగితే మావాడు "ఫస్ట్" అన్నాడు. కారులో హాస్పిటల్‌కి వెళ్తుంటే "అమ్మా, డిడ్ వుయ్ విన్?" అని అడిగాడు. ఆట ఇంకా అవలేదని చెప్పాను. రెండు సిగ్నళ్ళు దాటాక మళ్ళీ అదే అడిగాడు. ఆ తర్వాత మళ్ళీ. వెనక సీట్లో ఆంటీ వాడి చెయ్యి పట్టుకుని, ప్రతిసారీ మొదటిసారి చెప్తున్నట్టే జవాబు చెప్పారు. నా వల్ల కాలేదు.

స్కానింగ్‌కి తీసుకెళ్ళాక వెయిటింగ్ రూములో ఆవిడ కోటు గుండీ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టడం చూశాను. అంతవరకూ ఆవిడకి భయమంటే తెలీదనుకున్నాను.

"ఒక హాకీ పిల్లాడు" అన్నారు, ఎదురుగా గోడ చూస్తూ. "పదహారేళ్ళు. నేనే చూశాను. బాగానే మాట్లాడాడు, జోకు కూడా వేశాడు. ఇంటికి పంపించేశాను. మర్నాడు మళ్ళీ తీసుకొచ్చారు. బతికాడు. బతకడమంటే... మళ్ళీ స్కూల్‌కి వెళ్ళలేదు. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదమ్మాయ్. అదే నాకు..." మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే ఏమీ కాలేదని కాదని ఆంటీ నాకు విడమరిచి చెప్పారు. ఆరు వారాలు మావాడు కర్టెన్లు వేసిన గదిలో ఉన్నాడు. ఫోన్ లేదు, టీవీ లేదు, చదువు లేదు. గిన్నె చప్పుడైతే చెవులు మూసుకునేవాడు. వాడు నిద్రపోతే లేపి చూడాలనిపించేది, లేపితే ఏం మాట్లాడతాడో అని వణుకు. ఆంటీ రోజూ నాలుగింటికి వచ్చేవారు, మామూలుగా కొట్టే బెల్ కొట్టకుండా. సోమవారాలు మాత్రం ఎక్కువసేపు ఉండేవారు. ముందురోజు టీవీలో జరిగిన ఆటంతా వాడికి మెల్లగా, లోగొంతుకతో, తెలుగులో చెప్పేవారు. బంతి పట్టుకున్నవాళ్ళ గురించి రెండు ముక్కలు, అడ్డం నిలబడ్డవాళ్ళ గురించి అరగంట. వాడు చీకట్లో కళ్ళు మూసుకుని "దెన్ వాట్, ఆంటీ?" అనేవాడు.

కోలుకున్నాక వాడు మళ్ళీ ఆడతానన్నాడు. నేను ఇల్లు పీకి పందిరేశాను. "ఇట్స్ మై లైఫ్" అన్నాడు. ఆంటీ నావైపు మాట్లాడతారనుకున్నాను.

"నేను వద్దంటే నీకు హాయిగా ఉంటుంది" అన్నారు నాతో. "వాడు మానడు, రేపు తలనొప్పి వస్తే మనకి చెప్పడు. నాకు కావల్సింది వాడు చెప్పడం." వాడితో వేరే మాట అన్నారు. "స్పెషలిస్టు సరేనన్నాకే. ఇకముందు పట్టుకోవడమే చేస్తాను, సేఫ్ అని మీ అమ్మకి కబుర్లు చెప్పకు. రెంటిలోనూ దెబ్బ ఉంది. తగిలితే నువ్వే చెయ్యెత్తి బయటికి రావాలి. అంత ధైర్యం ఉంటే ఆడు."

దాదాపు ఏడాది ఆగాకే స్పెషలిస్టు సరేనన్నాడు. పోయిన సెప్టెంబర్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు. చివరి మ్యాచ్‌లో, గెలుపు ఎటో తేలని సమయంలో, ఒక అడ్డగింత తర్వాత వాడు నిలబడి, చెయ్యెత్తి, తనే నడిచి బయటికి వచ్చాడు. కోచ్ రమ్మనలేదు. ఎవరూ చూడలేదు కూడా. వాళ్ళు ఆ మ్యాచ్ ఓడిపోయారు. వాడికి రెండు వారాల విశ్రాంతితో సరిపోయింది. ఆంటీ కళ్ళజోడు తీసి కోటు అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు.

జనవరిలో ఆవిడ గుండె బలహీనపడింది. చివరిసారి నేను వెళ్ళినప్పుడు ఆక్సిజన్ గొట్టంతోనే మాట్లాడారు. వాడికి యూనివర్సిటీ టీమ్ నుంచి స్ప్రింగ్ క్యాంప్‌కి పిలుపు వచ్చిందని చెప్పాను. కళ్ళు మెరిశాయి.

"నీ భయం తగ్గిందా?"

"లేదాంటీ."

"నాకూ తగ్గలేదు. తగ్గాలని చూడకు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆట చూడు."

శనివారం అంత్యక్రియలు. ఫ్యునరల్ హోమ్ వెనకవైపు పార్కింగ్‌లో పదిహేనుమందిమి నిలబడ్డాం. కూతురు లోపలికి వెళ్ళి దహన యంత్రం బటన్ నొక్కి, ముఖం కప్పుకుని బయటికి వచ్చింది. మావారు ఆమెకి కారు తలుపు తీశారు. మావాడు కదల్లేదు. నల్ల సూటు భుజాల దగ్గర బిగుతైంది. టోపీ పెట్టుకోలేదు. మంచు పడటం మొదలైంది, చప్పుడు లేకుండా, పెద్ద పెద్ద రేకులు. అవి ఒక్కొక్కటే వాడి తల మీద వాలి, ఒక క్షణం తెల్లగా నిలిచి, కరిగి, జుట్టులోకి ఇంకిపోతున్నాయి. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి, కళ్ళు మూసుకోకుండా, ఒక్కొక్క రేకూ పడటం చూస్తున్నాను.